సేవావృత్తి శిక్షణ: మార్లవాయి నుండి భద్రాచలం మన్యం వరకు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

సమాజసేవను జీతం గల వృత్తిగా గుర్తించి, దానికి తగిన శిక్షణనిచ్చే విద్యావిధానం తెలుగునేలపై ఏ క్రమంలో రూపొందిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1943లో హైదరాబాదు సంస్థానంలోని మార్లవాయిలో ప్రారంభమైన గోండు ఉపాధ్యాయుల శిక్షణ, దుర్గాబాయి దేశ్‌ముఖ్ కృషి ఫలితంగా 1958లో మొదలైన సంక్షిప్త విద్యాక్రమం, స్వాతంత్ర్యానంతరం వచ్చిన గ్రామసేవక, అంగన్‌వాడీ, ఆశా వ్యవస్థలు, భద్రాచలం మన్యంతో సహా షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ నియామకాలకు సంబంధించిన 1986, 2000 నాటి ఉత్తర్వులు, 2020 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఇందులో పరిశీలనాంశాలు. స్థానికులను ఎంపిక చేయడం, వారి భాషలో శిక్షణ ఇవ్వడం, శిక్షణ చివర స్థిరమైన ఉద్యోగం చూపడం అనే మూడు అంశాలు కలిసినప్పుడే ఇటువంటి విద్య ఫలించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సేవావృత్తి, మార్లవాయి, హైమన్‌డార్ఫ్, దుర్గాబాయి దేశ్‌ముఖ్, సంక్షిప్త విద్యాక్రమం, గ్రామసేవిక, భద్రాచలం మన్యం, జి.ఓ. 3, కమ్యూనిటీ కళాశాల.

1. ఉపోద్ఘాతం

కాజీపేట – విజయవాడ రైలుమార్గంలో ఖమ్మం దాటిన తర్వాత వచ్చే స్టేషన్లలో బోనకల్లు ఒకటి. ఇది మైదానప్రాంతం. ఇక్కడి నుండి ఈశాన్యదిశగా కొత్తగూడెం మీదుగా సాగితే గోదావరి ఒడ్డున భద్రాచలం, దాని చుట్టూ కోయలు, కొండరెడ్లు నివసించే మన్యం కనిపిస్తాయి. 1959 నుండి 2016 వరకు ఈ రెండు ప్రాంతాలూ ఒకే ఖమ్మం జిల్లాలో ఉన్నాయి. ఒకే కలెక్టరు కింద ఉన్నా వాటికి వర్తించే చట్టాలు వేరు. బోనకల్లులో ఉపాధ్యాయుడిగా, ఆరోగ్యకార్యకర్తగా పనిచేసే వ్యక్తికీ, మన్యంలో అదే పని చేసే వ్యక్తికీ ప్రజలతో ఏర్పడే సంబంధం వేరు. మొదటివారు తమ భాషలో మాట్లాడే ప్రజల మధ్య పనిచేస్తారు. రెండవవారు మైదానం నుండి వెళ్ళినవారైతే మొదటిరోజే భాష అడ్డునిలుస్తుంది.

ఈ తేడా నుండి ఒక మౌలికమైన ప్రశ్న పుడుతుంది. ప్రజలకు సేవచేసే ఉద్యోగానికి అర్హత ఏది? పట్టా ముఖ్యమా, ఆ ప్రజలతో ఉన్న పరిచయం ముఖ్యమా? పట్టా లేని స్థానికులకు తక్కువ కాలంలో తగిన శిక్షణనిచ్చి ఉద్యోగంలో నిలబెట్టవచ్చునా?

అమెరికాలో ఈ ప్రశ్న 1960లలో బలంగా ముందుకు వచ్చింది. ఆర్థర్ పెర్ల్, ఫ్రాంక్ రీస్‌మన్ 1965లో ప్రకటించిన గ్రంథం పేదలనే సేవారంగ ఉద్యోగులుగా తీర్చిదిద్దాలని వాదించింది. అక్కడి కమ్యూనిటీ కళాశాలల్లో మానవసేవల పేరుతో రెండేళ్ళ కోర్సులు వ్యాపించిన దశాబ్దం కూడా అదే. తెలుగునేలపై ఇదే ఆలోచన అంతకు రెండు దశాబ్దాల ముందే ఆచరణలోకి వచ్చింది. అయితే దానికి ఆ పేరు లేదు, కళాశాల భవనం లేదు. ఒక గోండుగూడెంలో అది మొదలైంది.

2. సేవ: ధర్మం నుండి వృత్తికి

తెలుగు సమాజంలో సేవ అనే మాటకు చాలాకాలం పుణ్యం, త్యాగం అనే అర్థాలే ప్రధానంగా ఉండేవి. అన్నసత్రం, చలివేంద్రం, వైద్యదానం దాత ఔదార్యంపై ఆధారపడినవి. పంతొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో కందుకూరి వీరేశలింగం చేపట్టిన సంస్కరణోద్యమం సేవకు సంస్థారూపం ఇచ్చింది. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన తర్వాత, ఆ స్త్రీలకు నీడ, చదువు కల్పించే బాధ్యత కూడా సంస్కర్తలపై పడింది. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్రమండలిని స్థాపించారు. అది 1911లో మన్యసంఘంగా మారి దళితుల విద్య, సంస్కరణల కోసం పనిచేసింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు 1922లో స్థాపించిన శారదానికేతనం స్త్రీలకు చదువుతోపాటు చేతిపనులు నేర్పింది.

ఈ సంస్థలన్నింటిలోనూ సేవచేసేవారు స్వచ్ఛందంగా వచ్చినవారే. వారికి వేరే జీవనాధారం ఉండేది, లేదా కష్టజీవనానికి సిద్ధపడి వచ్చేవారు. సేవకు ప్రత్యేకమైన శిక్షణ అవసరమనే భావన ప్రపంచమంతటా ఆలస్యంగానే వచ్చింది. న్యూయార్కులో 1898లో ఒక దాతృత్వసంస్థ వేసవి శిక్షణతరగతి నడపడం దీనికి ఆరంభమని చెబుతారు. భారతదేశంలో 1936లో బొంబాయిలో సర్ దొరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ ప్రారంభమైంది. అమెరికన్ మిషనరీ క్లిఫర్డ్ మాన్‌షార్ట్ దీనికి తొలి సంచాలకులు. 1944లో ఈ సంస్థే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌గా పేరు మార్చుకున్నది.

బొంబాయి సంస్థ పట్టభద్రులకు ఉద్దేశించినది. చదువుకున్నవారిని ఎంచి వారికి సేవామెళకువలు నేర్పడం దాని మార్గం. అదే కాలంలో హైదరాబాదు సంస్థానం ఉత్తరసరిహద్దులో దీనికి విలోమమైన మార్గం రూపుదిద్దుకున్నది. సేవ అందవలసిన ప్రజల నుండే మనుషులను ఎంచి వారికి చదువు చెప్పడం ఆ మార్గం.

3. మార్లవాయి: గూడెంలో శిక్షణకేంద్రం

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నాయకత్వాన సాగిన గోండుల తిరుగుబాటును నిజాం ప్రభుత్వం కాల్పులతో అణచివేసింది. తిరుగుబాటుకు దారితీసిన కారణాలను తెలుసుకొనవలసిన అవసరం ఆ తర్వాత ప్రభుత్వానికి కలిగింది. ఈ పనికి మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియోగించింది. ఆయన 1909లో ఆస్ట్రియాలో జన్మించారు. రెండవ ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు శత్రుదేశ పౌరుడిగా పరిగణింపబడి హైదరాబాదు సంస్థానంలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆ నిర్బంధకాలాన్ని ఆయన చెంచులు, కొండరెడ్లు, గోండుల అధ్యయనానికి వినియోగించారు. చెంచులపై గ్రంథం 1943లోనూ, గోదావరి లోయలోని కొండరెడ్లపై గ్రంథం 1945లోనూ వెలువడ్డాయి.

నేటి కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉన్న మార్లవాయి గూడెంలో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య ఎలిజబెత్ నివాసం ఏర్పరచుకున్నారు. గోండుల కష్టాలకు మూలం భూమి పోవడమేనని ఆయన గుర్తించారు. భూమి పోవడానికి నిరక్షరత కూడా ప్రధానకారణమైంది. పట్టా, పహాణీ, అటవీశాఖ నోటీసు, కోర్టు సమను అన్నీ గోండులకు తెలియని భాషల్లో ఉండేవి. రాజభాష ఉర్దూ. ఆ ప్రాంతంలో వ్యాపారులు, పట్వారీలు ఎక్కువగా వాడేది మరాఠీ. గోండుల ఇంటిభాష గోండీ. కాగితంలో ఏమున్నదో చెప్పడానికి గోండుకు ఎప్పుడూ పరాయివాడే దిక్కయ్యేవాడు. ఆ పరాయివాడే అతని భూమిపై కన్నేసినవాడు కావచ్చు.

1943లో గోండు విద్యాపథకం మొదలైంది. బయటి ఉపాధ్యాయులను తెచ్చి బడులు తెరవడం అప్పటి పద్ధతి ప్రకారం సులభమే. హైమన్‌డార్ఫ్ దానిని అంగీకరించలేదు. గోండీ రాని ఉపాధ్యాయుడు గూడెంలో నిలవడు, నిలిచినా పిల్లలకు అర్థం కాడు అని ఆయన భావించారు. అయితే గోండు ఉపాధ్యాయులు కావాలంటే ముందు చదువుకున్న గోండులు ఉండాలి. అటువంటివారు దాదాపు లేరు. మరాఠీ అక్షరాలు కొద్దిగా తెలిసిన కొద్దిమంది యువకులను వెదకి, వారితోనే మార్లవాయి శిక్షణకేంద్రం ఆరంభించవలసి వచ్చింది.

ఈ కేంద్రం అనుసరించిన పద్ధతిలో మూడు విశేషాలు గమనింపదగినవి.

మొదటిది భాష. గోండీని దేవనాగరి లిపిలో రాసి వాచకాలు సిద్ధం చేశారు. తమ భాషలో చదవడం, రాయడం పట్టుబడిన తర్వాతే మరాఠీ, ఉర్దూ నేర్పారు. తెలిసిన దాని నుండి తెలియని దానికి సాగే ఈ క్రమం వల్ల వయోజనులైన శిక్షణార్థులు కూడా తక్కువ కాలంలో అక్షరాస్యులయ్యారు.

రెండవది శిక్షణ పరిధి. ఇక్కడ తయారైనవారు పాఠం చెప్పడంతో సరిపెట్టుకొనేవారు కారు. గూడెంలో అర్జీ రాయడం, వచ్చిన కాగితాన్ని చదివి వినిపించడం, ప్రభుత్వ నిబంధనలు వివరించడం కూడా వారి పనులయ్యాయి. నేటి పరిభాషలో చెప్పాలంటే ఉపాధ్యాయుడు, సమాజకార్యకర్త, న్యాయసహాయకుడు అనే మూడు పాత్రలు ఒకే వ్యక్తిలో కలిశాయి.

మూడవది ఉపాధి. శిక్షణ పొందినవారికి బడులలో ఉద్యోగాలు లభించాయి. కొందరు పట్వారీలుగా, అటవీ ఉద్యోగులుగా, గుమాస్తాలుగా కూడా కుదిరారు. అంతకుముందు గోండుపై అధికారం చెలాయించిన కుర్చీలోకి ఒక గోండు రావడం చదువుకు ఎనలేని గౌరవం తెచ్చింది. చదివితే ఏమొస్తుందన్న ప్రశ్నకు గూడెంలోనే సమాధానం కనిపించింది.

ఈ పథకానికి సమాంతరంగా భూమిపట్టాల పంపిణీ కూడా జరిగింది. ఉన్నతాధికారి డబ్ల్యు.వి. గ్రిగ్సన్ వంటివారి మద్దతు, జిల్లాస్థాయిలో సేతుమాధవరావు వంటి అధికారుల కృషి దీనికి తోడ్పడ్డాయి. 1945 తర్వాత గిరిజనులు, వెనుకబడినవర్గాల సలహాదారుగా హైమన్‌డార్ఫ్ బాధ్యతలు స్వీకరించారు. సంస్థానంలో సాంఘికసేవాశాఖ ఏర్పడింది. గోండుల మధ్య జరిగిన ప్రయోగాన్ని అప్పటి వరంగల్ జిల్లాలోని కోయప్రాంతాలకు విస్తరించే ప్రయత్నం కూడా జరిగింది. నేటి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల తెలంగాణ భాగమంతా అప్పుడు వరంగల్ జిల్లాలోనిదే.

అయితే ఈ ప్రయోగానికి ఒక పరిమితి ఉన్నది. అది కొద్దిమంది అధికారుల పట్టుదలపై నిలిచింది. సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత, 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగిన తర్వాత పాలనాభాష మారింది. మరాఠీ, ఉర్దూల స్థానంలోకి తెలుగు వచ్చింది. గోండీలో బోధన వెనుకబడిపోయింది. 1982లో ప్రకటించిన గ్రంథంలో హైమన్‌డార్ఫ్ ఈ పరిణామాన్ని విచారంతో నమోదు చేశారు. 1987లో ఎలిజబెత్ మరణించగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ సమాధిని గోండులు నేటికీ గౌరవంగా చూసుకుంటారు.

4. దుర్గాబాయి దేశ్‌ముఖ్: సంక్షిప్త విద్యాక్రమం

హైదరాబాదు సంస్థానంలో గోండుల విషయంలో ఎదురైన చిక్కే స్వతంత్రభారతంలో గ్రామీణస్త్రీల విషయంలో మరింత పెద్దదిగా ఎదురైంది. దానికి మార్గం చూపినవారు దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో జన్మించిన ఆమెకు చిన్ననాటే వివాహమైంది. పెద్దయ్యాక ఆ బంధాన్ని ఆమె నిరాకరించారు. బాల్యంలోనే కాకినాడలో బాలికలకు హిందీ పాఠశాల నడిపారు. ఉప్పుసత్యాగ్రహకాలంలో పలుమార్లు జైలుకు వెళ్ళారు. జైలులో తోటి స్త్రీఖైదీల నిస్సహాయతను దగ్గరగా చూశారు. క్రమమైన బడిచదువు లేని ఆమె విడుదలైన తర్వాత ప్రైవేటుగా చదివి బెనారస్ మెట్రిక్యులేషన్, ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పట్టం, ఆపైన మద్రాసులో న్యాయశాస్త్రపట్టం పొందారు.

వయసు మీరిన తర్వాత చదువు సాధ్యమేనని తన జీవితంలో నిరూపించుకున్న వ్యక్తి అదే అవకాశాన్ని ఇతరులకు సంస్థారూపంలో అందించడం ఆమె చరిత్రలో ముఖ్యఘట్టం. 1937లో మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తెలుగుస్త్రీలను బెనారస్ మెట్రిక్యులేషన్‌కు సిద్ధం చేసింది. వితంతువులు, భర్త వదిలేసినవారు, బాల్యవివాహంతో బడి మానినవారు అక్కడ చేరారు. మొదటి తరగతి నుండి పదేళ్ళు చదివే వ్యవధి వారికి లేదు. లోకానుభవం ఉన్న వయోజనురాలికి పిల్లల పాఠ్యక్రమం అంత సుదీర్ఘంగా అవసరం కూడా లేదు. కాలాన్ని కుదించి సారాన్ని నిలిపే బోధనాపద్ధతి ఆ విధంగా సభలో రూపొందింది.

రాజ్యాంగసభలో సభ్యురాలిగా, ఆపైన ప్రణాళికాసంఘంలో సభ్యురాలిగా పనిచేసిన దుర్గాబాయి 1953 ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘికసంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మండలి గ్రామాల్లో సంక్షేమవిస్తరణ పథకాలను చేపట్టింది. బాలవాడి నడపడానికి, ప్రసూతిసేవకు, కుట్టుపనులు నేర్పడానికి గ్రామసేవికలు కావాలి. చదువుకున్న పట్నపుస్త్రీలు పల్లెకు వెళ్ళడానికి ఇష్టపడలేదు. పల్లెలో ఉండగలిగిన స్త్రీలకు ఉద్యోగానికి కావలసిన కనీస విద్యార్హత లేదు. మంత్రసాని శిక్షణకు, నర్సు శిక్షణకు, ఉపాధ్యాయశిక్షణకు కూడా ఇదే అడ్డంకి.

1958లో మండలి ప్రారంభించిన వయోజనస్త్రీల సంక్షిప్త విద్యాక్రమం ఈ అడ్డంకిని తొలగించడానికి ఉద్దేశించినది. ఆంధ్ర మహిళా సభ అనుభవమే దీనికి పునాది. సుమారు రెండేళ్ళలో స్త్రీలను మిడిల్ స్కూలు లేదా మెట్రిక్యులేషన్ స్థాయి పరీక్షకు సిద్ధం చేసి, ఆపైన గ్రామసేవిక, బాలసేవిక, నర్సు, మంత్రసాని, ఉపాధ్యాయిని శిక్షణలకు పంపడం ఈ పథకం స్వరూపం. నడిపే బాధ్యత స్వచ్ఛందసంస్థలది, ఆర్థికసహాయం మండలిది.

సేవ పొందవలసినవారే సేవ అందించేవారుగా మారడం ఈ పథకంలోని ప్రధానాంశం. ఒక వితంతువు ఆశ్రయం కోరి వస్తే ఆమెకు అన్నం, బట్ట ఇచ్చి ఊరుకోవడం దానం. ఆమెకు చదువు చెప్పి మరొక ఊరిలో పదిమంది తల్లులకు సాయపడే ఉద్యోగినిగా పంపడం సేవావృత్తి శిక్షణ. 1945లో ఏర్పడిన కస్తూర్బా స్మారక నిధి కూడా గ్రామీణస్త్రీలనే గ్రామసేవికలుగా తయారుచేయడానికి పూనుకున్నది. కానీ విద్యార్హత అనే గోడను నేరుగా ఎదుర్కొన్న ఘనత సంక్షిప్త విద్యాక్రమానిదే.

5. గ్రామసేవకుడి నుండి ఆశా వరకు

1952 అక్టోబరు 2న దేశంలో సమాజవికాస పథకం 55 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. దీనికి పునాది గ్రామసేవకుడు. వ్యవసాయం, పశుపోషణ, పారిశుద్ధ్యం, వయోజనవిద్య అన్నింటికీ అతడే ఆధారం. అంతకుముందు గ్రామానికి వచ్చే ప్రభుత్వోద్యోగి శిస్తుకోసమో, శాంతిభద్రతలకోసమో వచ్చేవాడు. సలహా చెప్పడానికి వచ్చే ఉద్యోగి గ్రామానికి కొత్త. అతని శిక్షణ కోసం ప్రత్యేక కేంద్రాలు ఏర్పడ్డాయి. సమాజవికాసానికి జాతీయస్థాయి శిక్షణసంస్థ ముస్సోరి నుండి హైదరాబాదు శివారులోని రాజేంద్రనగర్‌కు తరలివచ్చి, తర్వాత జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థగా ప్రసిద్ధి పొందింది. గిరిజనుల విషయంలో హైదరాబాదులో 1963లో గిరిజనసాంస్కృతిక పరిశోధన, శిక్షణసంస్థ ఏర్పడింది.

గ్రామసేవకుడు పై నుండి నియమింపబడినవాడు. బదిలీపై వచ్చి బదిలీపై వెళ్ళేవాడు. ఈ లోపాన్ని సరిదిద్దే దిశగా 1970లలో రెండు పథకాలు వచ్చాయి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశుఅభివృద్ధి సేవల పథకం స్థానికస్త్రీని అంగన్‌వాడీ కార్యకర్తగా తీసుకున్నది. 1977 అక్టోబరు 2న మొదలైన గ్రామీణ ఆరోగ్యకార్యకర్త పథకం గ్రామస్థుడినే ఎంచి మూడునెలల శిక్షణ ఇచ్చింది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్యమిషన్ ఆశా కార్యకర్తను తెచ్చింది. ఆమె ఆ గ్రామనివాసి కావాలన్నది నియమం.

ఈ మూడు పథకాల్లోనూ మార్లవాయి సూత్రంలోని మొదటి అంశం ఉన్నది. స్థానికవ్యక్తిని ఎంచుకున్నారు. మూడవ అంశం మాత్రం మారిపోయింది. జీతానికి బదులు గౌరవవేతనం వచ్చింది. 1977 నాటి ఆరోగ్యకార్యకర్తకు నెలకు ఇచ్చినది 50 రూపాయలు. అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆశా కార్యకర్తకు ఇచ్చేది నేటికీ జీతమనిపించుకోదు. ఊరిమనిషి కనుక ఊరికి చేసే పని సేవే అవుతుందని, సేవకు జీతం కట్టనక్కరలేదని ఒక వాదం ఈ ఏర్పాటులో దాగి ఉన్నది. పుణ్యభావన నుండి వృత్తిగా ఎదిగిన సేవ స్త్రీల విషయంలో తిరిగి పుణ్యం వైపు నెట్టబడింది. 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పింది. గౌరవవేతనం అనే పేరు వెనుక ఉన్నది ఉద్యోగమేనని గుర్తించడంలో ఇది ముఖ్యమైన మెట్టు.

6. భద్రాచలం మన్యం: స్థానికత ప్రశ్న

భద్రాచలం ప్రాంతానికి పాలనాచరిత్ర విలక్షణమైనది. మధ్యపరగణాలలోని ఎగువ గోదావరి జిల్లా నుండి 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలోకి వచ్చింది. ఏజెన్సీగా ప్రత్యేకపాలనలో ఉన్నది. 1959లో తూర్పుగోదావరి నుండి ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో గోదావరి తీరమండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. జిల్లాలు, రాష్ట్రాలు మారినా కోయగూడేల సమస్యలు మారలేదు. వానకాలంలో కిన్నెరసాని, తాలిపేరు, శబరి నదులతోపాటు పేరులేని ఎన్నో వాగులు పొంగుతాయి. మైదానపట్టణంలో కాపురముండి రోజూ వచ్చివెళ్ళే ఉపాధ్యాయుడికి వాగు పొంగిన రోజు బడిసెలవు. గూడెంలోనే ఉన్న ఉపాధ్యాయుడికి ఆ అడ్డంకి లేదు. కోయ మాట్లాడే పిల్లవాడు మొదటి తరగతిలో తెలుగు వాచకం తెరిచినప్పుడు ఎదుర్కొనే ఇబ్బంది ఆ ఉపాధ్యాయుడికి చెప్పకుండానే తెలుస్తుంది.

ఈ స్థితిని దృష్టిలో ఉంచుకొని 1986 నవంబరు 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 275 నంబరు ఉత్తర్వు జారీ చేసింది. రాజ్యాంగం అయిదవ షెడ్యూలు కింద గవర్నరుకు గల అధికారంతో షెడ్యూల్డు ప్రాంతాల ఉపాధ్యాయపోస్టులను స్థానిక గిరిజనులకు కేటాయించింది. స్థానిక గిరిజన యువతనే నియమించి గిరిజన విద్యావికాస కేంద్రాల పేరుతో ఏకోపాధ్యాయ పాఠశాలలు నడిపిన కాలం కూడా ఇదే. పూర్తి విద్యార్హత లేనివారికి పనిలో ఉండగానే శిక్షణనివ్వడం ఈ కేంద్రాల పద్ధతి. మార్లవాయి జ్ఞాపకం అందులో స్పష్టంగా కనిపిస్తుంది.

275 ఉత్తర్వును 1989లో పరిపాలనా ట్రిబ్యునల్ కొట్టివేసింది. 2000 జనవరి 10న ప్రభుత్వం మరింత వివరంగా 3 నంబరు ఉత్తర్వు తెచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయపోస్టులన్నీ స్థానిక గిరిజనులకే దక్కాలని, వాటిలో మూడవవంతు స్త్రీలకు కేటాయించాలని అందులో ఉన్నది. 1950 జనవరి 26 నుండి ఆ ప్రాంతంలో నివసిస్తున్న కుటుంబాలవారిని స్థానికులుగా నిర్వచించింది. ఉపాధ్యాయులు బడికి రాకపోవడం ఈ ఉత్తర్వుకు చూపిన కారణాల్లో ఒకటి. 2001లో హైకోర్టు మెజారిటీ తీర్పుతో దీనిని సమర్థించింది. రెండు దశాబ్దాలపాటు మన్యంలోని యువతకు ఉపాధ్యాయశిక్షణ నమ్మకమైన జీవనమార్గంగా నిలిచింది. 2004లో కోయ, గోండీ, కొలామీ, కువి, సవర మొదలైన ఎనిమిది భాషల్లో మొదలైన బహుభాషావిద్య కూడా ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు ఉండటంవల్లనే సాధ్యమైంది.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగధర్మాసనం 3 నంబరు ఉత్తర్వును కొట్టివేసింది. నూటికి నూరుశాతం రిజర్వేషన్ సమానత్వహక్కుకు విరుద్ధమని, అయిదవ షెడ్యూలు గవర్నరుకు అంతటి అధికారం ఇవ్వదని ధర్మాసనం నిర్ణయించింది. గిరిజనులకు గిరిజనులే బోధించాలన్న భావనను కూడా అంగీకరించలేదు. అప్పటికే జరిగిన నియామకాలకు మాత్రం షరతులతో రక్షణ కల్పించింది.

ఈ తీర్పును రెండు కోణాల నుండి చూడవలసి ఉన్నది. మన్యంలో తరతరాలుగా ఉంటున్న గిరిజనేతర పేదలకు, 1950 తర్వాత వలసవచ్చిన గిరిజనకుటుంబాలకు ఆ ఉత్తర్వు తలుపులు మూసింది. వారి ఫిర్యాదు నిరాధారమైనది కాదు. మరొకవైపు, ఉత్తర్వు కులధ్రువీకరణను, నివాసకాలాన్ని కొలమానాలుగా తీసుకున్నది కానీ కోయ, కొండరెడ్డి జీవితంతో పరిచయాన్ని, భాషాజ్ఞానాన్ని వృత్తియోగ్యతగా నిర్వచించలేదు. మార్లవాయిలో గోండీ తెలియడం ఉపాధ్యాయుడి పనికి కావలసిన నైపుణ్యం. 3 నంబరు ఉత్తర్వులో స్థానికత రిజర్వేషన్ వర్గమైంది. వాదం రిజర్వేషన్ల పరిమితిపై సాగినప్పుడు నైపుణ్యం ప్రశ్న వెనుకబడింది. తీర్పు తర్వాత మన్యంలో జరిగిన ఆందోళనలకు మూలం ఉద్యోగాలు పోతాయన్న భయం ఒక్కటే కాదు. తమ భాష, తమ పరిచయం అర్హతలుగా లెక్కకు రావన్న బాధ కూడా అందులో ఉన్నది.

7. కమ్యూనిటీ కళాశాల: పాత ఆలోచనకు కొత్త రూపం

అమెరికాలో 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో మొదలైన రెండేళ్ళ కళాశాల పద్ధతి, 1947 నాటి ట్రూమన్ సంఘం నివేదిక తర్వాత కమ్యూనిటీ కళాశాల అనే పేరుతో స్థిరపడింది. భారతదేశంలో 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఇటువంటి కళాశాల ప్రారంభమైంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2013లో దేశవ్యాప్తంగా ఈ పథకాన్ని చేపట్టింది. తెలుగునేలపై 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అనగా నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, అర్హతపరీక్ష ద్వారా బడిచదువు లేనివారికి డిగ్రీలో ప్రవేశం కల్పించింది. వయసు మీరినవారికి, ఉద్యోగంలో ఉన్నవారికి అది తలుపు తెరిచింది.

ఈ సంస్థలకు, మార్లవాయి, ఆంధ్ర మహిళా సభ ప్రయోగాలకు మధ్య ఒక తేడా ఉన్నది. పాత ప్రయోగాల్లో ఉద్యోగం ముందు నిర్ణయమైంది, చదువు దాని కోసం రూపొందింది. కొత్త సంస్థల్లో చదువు ముందు వస్తుంది, ఉద్యోగాన్ని విద్యార్థి వెదుక్కోవాలి. బోనకల్లు వంటి మైదానమండలంలోని యువతికి ఖమ్మం, మధిర కళాశాలలు రైలుదూరంలో ఉన్నాయి. ఆమె సమాజకార్యంలో డిగ్రీ చదివినా ఆ చదువుకు సరిపడే పోస్టు ఆమె మండలంలో అరుదు. మన్యంలో సేవాపోస్టు ఉన్నా అది గౌరవవేతనానికి పరిమితం. చదువు ఒకచోట, పని మరొకచోట, జీతం ఇంకొకచోట ఉండిపోవడం నేటి సమస్య స్వరూపం. తెలంగాణలోని ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయ స్థాపనకు 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపింది. కోయప్రాంతానికి చేరువలో ఉన్న ఈ విశ్వవిద్యాలయం ఆ మూడింటినీ కలపగలదా అన్నది దాని పాఠ్యక్రమంపై ఆధారపడి ఉంటుంది.

8. ముగింపు

పై పరిశీలన ద్వారా ఈ క్రింది నిర్ధారణలకు రావచ్చు.

1. సేవను వృత్తిగా నేర్పే విద్య తెలుగునేలపై విశ్వవిద్యాలయాల కంటే ముందు అట్టడుగుస్థాయిలో, అవసరం నుండి పుట్టింది. 1943 నాటి మార్లవాయి కేంద్రం దీనికి నిదర్శనం.

2. దుర్గాబాయి దేశ్‌ముఖ్ రూపొందించిన సంక్షిప్త విద్యాక్రమం, విద్యార్హత లేకపోవడాన్ని లోపంగా కాక, తీర్చదగిన అవసరంగా చూసింది. సేవ పొందేవారిని సేవ అందించేవారిగా మార్చింది.

3. 1970ల తర్వాతి పథకాలు స్థానికవ్యక్తి ఎంపికను స్వీకరించాయి కానీ జీతం, ఉద్యోగభద్రతలను విడిచిపెట్టాయి. ఈ భారం ప్రధానంగా గ్రామీణస్త్రీలపై పడింది.

4. భద్రాచలం మన్యంతో సహా షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ నియామకాలపై సాగిన వివాదంలో స్థానికత రిజర్వేషన్ ప్రశ్నగానే చర్చకు వచ్చింది. గిరిజనభాషాజ్ఞానాన్ని, ప్రజాజీవనంతో పరిచయాన్ని పరీక్షించదగిన వృత్తియోగ్యతగా నిర్వచించి, దానికి ధ్రువపత్రం ఇచ్చే శిక్షణను ఏర్పరచడం ఇక ముందున్న మార్గం. అటువంటి అర్హతను కోయవారు సహజంగా ముందుండి సాధిస్తారు. భాష నేర్చుకొని గూడెంలో నివసించడానికి సిద్ధపడే ఇతరులకూ అది అందుబాటులో ఉంటుంది.

5. శిక్షణార్థి ఎంపిక, బోధనాభాష, చివరన లభించే ఉద్యోగం అనే మూడింటినీ ఒకే ప్రణాళికలో చేర్చిన విద్యాక్రమమే గూడేనికి, పల్లెకు ఉపకరిస్తుంది. మార్లవాయిలో కొద్దిపాటి అక్షరజ్ఞానం గల కొందరు యువకులతో ఇది సాధ్యమైంది. ఎన్నో డిగ్రీ కళాశాలలున్న నేటి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో దీనిని తిరిగి సాధించడానికి కావలసిన వనరులు అప్పటికంటే ఎక్కువగానే ఉన్నాయి.